పన్నెండో గీత

మా అమ్మ వేలిముద్ర వెయ్యనంది.

రెండువేల ఐదు ఏప్రిల్ నెల. టెక్కలిలో ఒక కల్యాణమండపం. ఒంట్లో చక్కెర జబ్బు ఉన్న పిల్లల్ని, వాళ్ళ పెద్దవాళ్ళని నెలకోసారి అక్కడికి రమ్మనేవారు. విశాఖపట్నం నుంచి ఒక డాక్టరమ్మ, ఒక ప్రాజెక్టు ఆఫీసరు, ఇద్దరు నర్సులు వ్యానులో వచ్చి రక్తాలు పరీక్ష చేసి, మందు సీసాలు ఇచ్చి వెళ్ళేవారు. ఆ నెల వాళ్ళు మందులతో పాటు ఒక తెల్లటి అట్టపెట్టె కూడా తెచ్చారు. లోపల రంగుల బొమ్మల పుస్తకం, గోడకి తగిలించుకునే డోసుల పట్టిక, రోజూ అంకెలు రాసుకోవడానికి ఒక డైరీ ఉన్నాయి. ఆ పెట్టెని జిల్లాలో ఇలాంటి పిల్లలందరికీ పంచుతారట. పంచేముందు, కుటుంబాలను సంప్రదించే దీన్ని తయారు చేశామని పైవాళ్ళకి చూపించాలట. అందుకొక కాగితం సిద్ధంగా ఉంది. దాని మీద మేం సంతకాలు పెట్టాలి.

మొదటి సంతకం నాదే. కాశీబుగ్గలో ఒక ప్రైవేటు స్కూల్లో నేను లెక్కల మాస్టారిని. ఆఫీసరు నాతో రెండు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడాడు. అంతమందిలో నన్ను ఏరుకుని మాట్లాడినందుకు నాకు లోలోపల బాగానే ఉంది. పుస్తకం అందుకుని గడగడా చదివి, చదువు రానివాళ్ళకి విడమరిచి చెప్పాను కూడా. ఆ తర్వాత సిరా ప్యాడు చేతులు మారుతూ మా అమ్మ రాజులమ్మ ముందుకి వచ్చింది.

"ఏటి రాసుందిరా అందుల?" అంది అమ్మ.

"మనందర్నీ అడిగి ఈ పెట్టె తయారు చేశారని."

"నన్నెవులడిగారు?"

"ఇప్పుడు అడుగుతున్నారు కదమ్మా."

"ఇప్పుడడుగుతున్నది ఏలిముద్ర. నన్నేటీ అడగలేదు."

ఆఫీసరు మర్యాదగానే ముందుకి వంగాడు. "చెప్పండమ్మా, ఏం కావాలి?"

అమ్మ పుస్తకంలో మొదటి పేజీ మీద వేలు పెట్టింది. రొట్టె ముక్కలు, ఆపిల్ పండు, గాజుగ్లాసులో పాలు. "మా గుంట పొద్దున సోడంబలి తాగుతాది. అదేదీ ఇందుల?"

"రాగి అంబలా? అది తర్వాత చూద్దాం లెండి. ఇంకా?"

"ఈ పట్టికంతా అంకెలే. అంకెలు రానోలు సూదెలాగెయ్యాల?"

"చదువుకున్నవాళ్ళు వెయ్యాలమ్మా. మీ అబ్బాయి ఉన్నారు కదా."

"ఆడేడుంటాడు? ఆరు కొట్టకుండా ట్యూషన్లని ఎల్తాడు. కోడలు జీడిపిక్కల ఫ్యాక్టరీకి అంతకన్నా ముందెల్తాది. సూదేసేది నాను."

డాక్టరమ్మ తలెత్తి నా వైపు చూసింది. సంక్రాంతి వెళ్ళిన వారం నుంచీ, అంటే మా అమ్మాయి భవ్యశ్రీకి ఈ జబ్బు బయటపడిన దగ్గర్నుంచీ, ఎప్పుడడిగినా "నేనే వేస్తున్నానండి" అని చెప్పుకుంటూ వచ్చాను. చదువురాని ముసలామె చేత సూది వేయిస్తున్నానని చెప్పుకోలేకపోయాను.

అమ్మ రొండిన దోపుకున్న గుడ్డసంచి విప్పి రెండు పుల్లలు బయటికి తీసింది. కొబ్బరి ఈనె ముక్కలు. ఒకటి వేలి కణుపంత, రెండోది దానికన్నా పొట్టి. పొడుగుది పొద్దుటికి, పొట్టిది సాయంత్రానికి. విశాఖ ఆసుపత్రిలో నర్సు నాకు సూదిలో పన్నెండో గీత వరకూ మందు లాగి చూపిస్తున్నప్పుడు, అమ్మ పక్కనే నిలబడి చీపురు పుల్లని ఆ గొట్టానికి ఆనించి, మందు ఉన్నంత మేర గోటితో తుంచి పెట్టుకుంది. ఇంటికొచ్చాక రోజూ ఆ పుల్లని గొట్టం పక్కన పెట్టి, పుల్ల చివరికి నల్ల రబ్బరు వచ్చేదాకా మందు లాగేది. అంకె చూసే అవసరమే ఆమెకి లేదు.

ఆఫీసరు నవ్వేశాడు. డాక్టరమ్మ నవ్వలేదు. పుల్లని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసింది. "విరిగితే? ఎండి పొట్టిదైతే? ఇది పసిపిల్ల ప్రాణమమ్మా, పుల్లతో కొలిచేది కాదు" అంది. నా వైపు తిరిగి, "రేపటి నుంచి మీరే వెయ్యండి మాస్టారూ, ఈసారైనా నిజంగా" అంది.

సరేనన్నాను. అమ్మ పుల్లలు వెనక్కి తీసుకుని సంచిలో పెట్టుకుంది. వేలిముద్ర మాత్రం వెయ్యలేదు. ఆమె పక్కన భావనపాడు నుంచి వచ్చిన అసిరయ్య కూర్చున్నాడు. సముద్రం మీద వేటకెళ్ళే మనిషి, అతని కొడుక్కీ ఇదే జబ్బు. అతను సిరా ప్యాడుని కాలితో జరపబోయి, తప్పని తోచిందేమో, చేత్తోనే పక్కకి నెట్టాడు. పలాసలో పిక్కలు కొట్టే ధనమ్మ కూతుర్ని చంకనేసుకుని లేచిపోయింది. ఆ రోజు కాగితం సగానికి పైగా ఖాళీగానే మిగిలింది.

తిరుగు బస్సులో నందిగాం దాటాక, ఆ పుల్లలిమ్మని అమ్మని అడిగాను. ఇచ్చింది. విరిచి కిటికీలోంచి పారేశాను. అమ్మ గుడ్డసంచి ముడేసి మళ్ళీ రొండిన దోపుకుంది. భవ్య మాత్రం నా వైపు, ఆ కిటికీ వైపు మార్చి మార్చి చూసింది. దానికప్పుడు తొమ్మిదేళ్ళు.

మర్నాటి నుంచి సూది నా చేతికొచ్చింది. ట్యూషన్ ఏడు గంటలకి మార్చుకున్నాను. గొట్టాన్ని కంటికెదురుగా ఎత్తి పట్టుకుని, గాలిబుడగ లేకుండా, నల్ల రబ్బరు అంచు సరిగ్గా పన్నెండో గీత మీదికి తెచ్చేవాణ్ణి. పని తొందరగా అయిపోతుందని కుడి తొడ మీదే పొడిచేసేవాణ్ణి. అమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడి రోజూ చూసేది. ఏమన్నా అంటుందేమోనని నేను ఎదురుచూసేవాణ్ణి.

మే నెల వచ్చింది. ఊరంతా జీడిపిక్కల పని. వాకిట్లో పిక్కలు ఆరబోస్తే నడవడానికి చోటుండేది కాదు. తోటల్లో రాలిన జీడిపళ్ళు పులిసి ఆ వాసన ఇళ్ళలోకి కొట్టేది. మందు సీసాని తడి ఇసకలో పెట్టిన కుండలో దాచుకునేవాళ్ళం. అలాంటి ఎండల్లో సూదులు అయిపోయాయి. కాశీబుగ్గలో ఒక మందుల షాపుకి వెళ్తే, మేం ఎప్పుడూ వాడే ఎర్ర మూత సూదులు లేవన్నారు. నారింజ రంగు మూతవి ఇచ్చారు. "ఏదైనా ఒకటే మాస్టారూ, ఇదీ ఇన్సులిన్ సూదే" అన్నారు. పొడవూ లావూ పాతదానిలాగే ఉంది. తెచ్చుకున్నాను.

మూడో రోజుకి భవ్య చెంబు వదలడం మానేసింది. ఎన్ని నీళ్ళు తాగినా దాహం. నాలుగో రోజు అమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది.

"గుంట ఒంటేలుకెల్లిన సోట సీమలు పట్టాయి. సూడు."

"ఎండలమ్మా" అన్నాను. కానీ ఇంట్లోకి వచ్చి భవ్యని నిలబెట్టి అడిగాను. "జీడిపండు తిన్నావా?"

"నేదు నాన."

"నిజం చెప్పు. తోటలోకి వెళ్ళావా?"

"ఎల్లాను. తిన్లేదు."

వెళ్ళిందంటే తిన్నట్టే అనుకున్నాను. గట్టిగా తిట్టాను. బడిలో దొంగ లెక్క చేసిన పిల్లల్ని తిట్టే గొంతే అది. తల దించుకుని నిలబడింది. ఏడవలేదు. ఏడవడానికి కూడా ఒంట్లో ఓపిక లేదని నాకప్పుడు తట్టలేదు.

ఆరో రోజు పొద్దున అది చాప మీంచి లేవలేదు. ఊపిరి బరువుగా తీస్తోంది. సూది వేస్తే కాస్త తేరుకుంటుందని మందు లాగాను. పన్నెండో గీత. అప్పుడు అమ్మ నా పక్కకి వచ్చి కూర్చుంది. సంచిలోంచి ఒక పుల్ల తీసింది. నేను పారేసింది ఒక జతే. ఇంకో జత ఆమె తన దగ్గరే ఉంచుకుంది.

నన్నడక్కుండానే నా చేతిలో ఉన్న గొట్టానికి పుల్ల ఆనించింది. రబ్బరు అంచు దాటి, పుల్ల ఇంకా సగానికి పైగా ముందుకి పోయింది.

"నీ పన్నెండు నా పుల్లకి సగం కూడా అందలేదురా బాబూ."

"పుల్ల తప్పు."

"మూడు నెల్లు ఈ పుల్లతోటే ఏసాను. అప్పుడు గుంట గెంతులేసింది. నువ్వు కొత్త సూదులు తెచ్చిన కాడ్నించి ఇలాగైపోయింది. ఏది తప్పో నువ్వే సెప్పు."

నేను సూదిని వెలుగులోకి తిప్పాను. పన్నెండు ఉంది. ఆ పైన ఇరవై, ముప్పై, నలభై. నలభైతో ఆగిపోవాలి. ఆగలేదు. యాభై, అరవై అంటూ వెళ్ళి చివర నూరు దగ్గర ఆగింది. మూడు వారాలకి పైగా నా చేత్తో పట్టుకున్న పాత సూది మీద చివరి అంకె నలభై. గొట్టం అదే, మందు అదే. నలభై గీతలు ఉండాల్సిన చోట వంద గీతలు ఉన్నాయి. ఎనిమిదో తరగతి పిల్లలకి నేనిచ్చే లెక్క అది. పన్నెండు అనుకుంటూ నేను వేసింది అయిదుకి కూడా తక్కువ.

కడ్డీని పుల్ల చివరిదాకా లాగాను. రబ్బరు ముప్పై మీద నిలబడింది. లెక్క సరిపోయింది. అమ్మ సూది తన చేతిలోకి తీసుకుంది. భవ్య పొట్ట మీద చర్మం పట్టుకుని వేసింది. భవ్య కళ్ళు తెరవలేదు. పావుగంటలో జీపు మాట్లాడుకుని టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారిలో రెండుసార్లు కక్కుకుంది.

మూడు రోజులు సెలైన్లు ఎక్కించారు. రెండో రోజు మధ్యాహ్నం అది నీళ్ళడిగి, తాగి, ఇక చాలంది. చాలు అన్న మాట విన్నాక గాని నాకు ఆకలి తెలియలేదు.

మా ఆవిడ కళ్యాణి ఫ్యాక్టరీ మానేసి మంచం పక్కనే ఉంది. పిక్కల జిడ్డుతో నల్లబడిన వేళ్ళతో పిల్ల జుట్టు చిక్కు తీస్తోంది. ఏమైందని అడిగితే అంతా చెప్పాను. ఏదీ దాచలేదు.

"జీడిపండు తిన్నావని గుంటని తిట్టినావు" అంది. "ముందది ఎనక్కి తీసుకో."

మంచం దగ్గరికి వెళ్ళాను. "నువ్వు తినలేదు. తప్పు నాదే" అన్నాను.

"నేదని సెప్పాను కదా" అంది భవ్య. కాసేపాగి, "మామ్మకి కూడా సెప్పు" అంది.

అమ్మ వరండాలో తువ్వాలు పరుచుకుని కూర్చుని ఉంది. వెళ్ళి చెప్పాను. ఆమె విని, "నాకు సెప్తే ఏటొత్తాది? టెక్కల్లో అందరి ముందరా సెప్పు" అంది.

మే నెలలో ఎండలని వ్యాను రాలేదు. జూన్ మొదటి వారంలో మళ్ళీ పిలుపు వచ్చింది. అదే కల్యాణమండపం, అదే తెల్లపెట్టె. ఆఫీసరు ఆ పాత కాగితాన్నే తెచ్చి, మిగిలిన సంతకాలు ఇవాళ పూర్తి చేస్తే పెట్టె అచ్చుకి వెళ్ళిపోతుందన్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"ముందు నా సంతకం కొట్టేయండి."

"ఏమైంది మాస్టారూ?"

చెప్పాను. మూడు నెలలు నేనే వేస్తున్నానని అబద్ధం చెప్పింది, పుల్లలు విరిచి పారేసింది, మూత రంగు పట్టించుకోకుండా సూదులు కొన్నది, పిల్లని తిట్టింది, అన్నీ. క్లాసులో పాఠం చెప్పే గొంతుతో మొదలుపెట్టాను కానీ ఆ గొంతు చివరిదాకా నిలవలేదు. ధనమ్మ తన సంచిలోంచి సూదుల ప్యాకెట్ తీసి మూత ఏ రంగో చూసుకుంది.

"అది షాపువాళ్ళ తప్పు" అన్నాడు ఆఫీసరు. "పుస్తకంలో ఒక హెచ్చరిక వేద్దాం. సరిపోతుంది."

"సదవడం రానోలకి నీ ఎచ్చరిక ఎవులు సదివి పెడతారు?" అంది అమ్మ.

డాక్టరమ్మ నేను తెచ్చిన ప్యాకెట్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "మావాళ్ళు మీకు అంకె నేర్పారు. మూత రంగు నేర్పలేదు. అది మా తప్పే" అంది. తర్వాత అమ్మ వైపు చూసింది. "కానీ రాజులమ్మ గారూ, మీ పుల్ల అన్ని సూదులకీ సరిపోతుందని ఏముంది? గొట్టం సన్నగా ఉంటే?"

"నాకేటి తెలుసు? సూద్దాం."

డాక్టరమ్మ కాస్త ఆలోచించి ఆఫీసర్ని బజారుకి పంపింది. టెక్కలి మెయిన్ రోడ్డు మీద ఎన్ని రకాల ఇన్సులిన్ సూదులు దొరికితే అన్నీ ఒక్కోటి తెమ్మంది. ఎండలో వెళ్ళడం అతనికి ఇష్టం లేదు. అయినా వెళ్ళాడు. అయిదు రకాలు తెచ్చాడు. చాప మీద వరసగా పెట్టి, నర్సు ఒక్కోదాంట్లో ఉత్త నీళ్ళు లాగింది. నేను లెక్కకట్టి ఏ అంకె రావాలో చెప్పాను. అమ్మ పుల్ల ఆనించింది. అందరూ చుట్టూ మూగారు. మూడింటికి పుల్ల, అంకె ఒకటే చెప్పాయి. రెండు సన్న గొట్టాలకి పుల్ల తప్పింది.

"చూశారా" అన్నాడు ఆఫీసరు.

"సూసాను. పుల్ల తప్పుతాది. అంకె కూడా తప్పుతాది" అంది అమ్మ. "మాటొకటి సెప్పు, రెండూ ఒక్కపాలే తప్పుతాయేటి?"

ధనమ్మ అందుకుంది. "అయితే అంకె ఒకలు సూడాల, పుల్ల ఒకలెట్టాల. రెండూ కలిత్తేనే సూది. నేకపోతే ఆసుపత్రికి రావాల."

"మా ఇంటికాడ అంకె సూసే మనిసే నేడు" అన్నాడు అసిరయ్య. అప్పటిదాకా అతను మాట్లాడలేదు. "నాను ఏటకెల్తే మా ఆడది, గుంటడు, అంతే. సూదులు మీరే ఇవ్వండి. ఎర్ర మూతవి. పుల్ల కట్టి మరీ ఇవ్వండి. మమ్మల్ని షాపుకి పంపొద్దు."

డాక్టరమ్మ నిజాయితీగానే చెప్పింది. "అది నా చేతిలో లేదు. పైకి రాస్తాను."

"రాయండి. పనయ్యిందాకా ఈ కాయితం మీద మా ఏలు పడదు" అన్నాడు అసిరయ్య.

ఆఫీసరు కాగితాన్ని ఫైల్లోకి తోశాడు. మాటలు పెరిగాయి. పుల్ల ప్లాస్టిక్‌తో చెయ్యాలని ఒకరు, అంబలి గిన్నె బొమ్మ వెయ్యాలని ఒకరు. నేను కూడా గొంతు పెంచాను. ఆ గోలలో అమ్మ ఉన్నట్టుండి పిల్లల వైపు తిరిగింది. పిల్లలు గోడవారగా కూర్చుని మమ్మల్నే చూస్తున్నారు.

"మనమే అరుసుకుంతన్నాం. పొడిపించుకునేది ఈల్లు. ఈల్లనెవులూ అడగలేదు."

హాలు కాస్త సద్దుమణిగింది. డాక్టరమ్మ భవ్యని దగ్గరికి పిలిచి, "నువ్వు చెప్పమ్మా, నీకేం కావాలి?" అంది.

భవ్య నా మొహంలోకి చూసింది. నేను తల ఊపాను. నిజానికి అది నా అనుమతి కోసం చూడలేదు, నాకు కోపం వస్తుందేమోనని చూసింది.

"పుల్లయినా అంకయినా నాకొకటే. ఎక్కడ పొడవాలో నేను సెప్పాల. నాన రోజూ ఒక్క సోటే పొడుత్తాడు. గట్టిగైపోయింది."

గౌను కొంచెం పైకి జరిపి కుడి తొడ చూపించింది. రేగుపండంత గడ్డ. డాక్టరమ్మ వేలితో తడిమి, "ఇక్కడ వేస్తే మందు ఒంటికి సరిగ్గా పట్టదు" అని నెమ్మదిగా అంది. అసిరయ్య కొడుకు లేచి చొక్కా ఎత్తాడు. వాడి పొట్ట మీద రెండు గడ్డలు. ధనమ్మ కూతురికి చేతి మీద. ఒకరి తర్వాత ఒకరు చూపించారు. నెలనెలా రక్తం తీసి చూసినవాళ్ళకి గాని, కన్నవాళ్ళకి గాని ఇది తెలియలేదు. ఆఫీసరు జేబులోంచి పెన్ను తీసి, ఆ రోజుకి మొదటిసారి, మేం చెప్పేది రాసుకోవడం మొదలుపెట్టాడు.

పెట్టె దసరా వెళ్ళాక గాని రాలేదు. అందులో రంగుగీతల ప్లాస్టిక్ పుల్లలున్నాయి. చోడంబలి, గంజన్నం బొమ్మలున్నాయి. పిల్లలే తమకి తాము గుర్తులు పెట్టుకునేలా ఒక మనిషి బొమ్మ ఉంది, ఇవాళ ఎక్కడ, రేపెక్కడ అని. ఎర్ర మూత సూదులు మాత్రం కొన్ని నెలలు వచ్చాయి, కొన్ని నెలలు రాలేదు. రాని నెలల్లో మేమంతా పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి టెక్కలిలో ఆఫీసు మెట్ల మీద కూర్చునేవాళ్ళం. ముందు వరసలో అమ్మ ఉండేది.

కానీ నేను చెప్పదలుచుకున్న కాలం జూన్ పదమూడుతో అయిపోయింది. ఆ రోజు బడులు తెరిచారు. పొద్దున నేను మందు లాగి "పన్నెండు" అన్నాను. అమ్మ పుల్ల ఆనించి "సరే" అంది. భవ్య కొత్త రిబ్బన్లతో వచ్చి మా మధ్య కూర్చుంది.

"ఎక్కడ?" అని అడిగాను.

"ఇక్కడ" అని పొట్టకి ఎడమ వైపు చూపించింది. నేను సూది ముందుకి తెచ్చాను. అది చెయ్యి చాపింది.

"ఇలాగియ్యి."

"నీకు రాదు."

"సూత్తండు."

అమ్మ వైపు చూశాను. అమ్మ నా చేతి వైపు చూస్తోంది. సూది ఇచ్చాను. భవ్య చర్మం పట్టుకుంది. ఒకసారి ఊపిరి బిగబట్టి, వదిలేసి, మళ్ళీ బిగబట్టింది. మూడోసారికి పొడుచుకుంది. పెదవి కొరుక్కుంటూ నెమ్మదిగా కడ్డీ చివరిదాకా నొక్కింది. సూది తీసి, మూత పెట్టి, నా చేతికిచ్చి, గౌను సర్దుకుంది.

"ఏటలాగ సూత్తన్నావు నాన? బడికెల్లు, నీకు ఆలీసం అవుతాది" అంది.